ఇంగ్లండులో ఫ్లాటు కొంటున్న పిల్లలకు డబ్బు పంపే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య ఏ వాట్సాప్ గ్రూపు చూసినా ఒకటే కబురు, ఫలానా వాళ్ళబ్బాయి లండన్ దగ్గర ఇల్లు కొన్నాడట, ఊళ్ళో ప్లాటు అమ్మి డిపాజిట్ కట్టారట అని. సంతోషమే. నేను చాన్నాళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. మనవాళ్ళు ఫ్లాట్లు కొనడం, తర్వాత అవి అమ్ముడుపోక తంటాలు పడడం రెండూ దగ్గర్నుంచి చూస్తున్నాను. ఊళ్ళో ఐదు సెంట్ల స్థలం కొనాలంటే ముప్పై ఏళ్ల ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లన్నీ తెలిసిన వకీలుకు చూపించి, సరిహద్దు రాళ్ళ దాకా నడిచి చూసొచ్చాక గానీ అడ్వాన్సు ఇవ్వని నాన్నగారు, కొడుకు కొంటున్న ఫ్లాటు లీజులో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో మాత్రం అడగరు. అడిగినా చాలామంది అబ్బాయిల దగ్గర జవాబు ఉండదు లెండి.

ఇంగ్లండు, వేల్స్‌లో ఫ్లాట్లు దాదాపు అన్నీ లీజ్‌హోల్డే. నేల, భవనం ఫ్రీహోల్డరువి, అంటే అసలు యజమానివి. మనకు దక్కేది 99 ఏళ్లో, 125 ఏళ్లో, 999 ఏళ్లో అందులో ఉండే హక్కు, అది కూడా మొదట లీజు రాసిన తేదీ నుంచి లెక్క. 1980ల్లో 99 ఏళ్లకు రాసి, తర్వాత పొడిగించని లీజులో ఇప్పుడు మిగిలింది అరవై ఏళ్లో, అంతకన్నా తక్కువో. చవగ్గా వస్తోందని ఎగబడే ఫ్లాట్లలో చాలావాటి రహస్యం ఇదే.

80 ఏళ్ల దగ్గర ఒక గీత ఉంది. అది దాటకముందే పొడిగించుకుంటే ఖర్చు ఒకలా ఉంటుంది. మిగిలిన గడువు 80 కన్నా తగ్గిందా, పొడిగింపు వల్ల ఫ్లాటుకు కలిసొచ్చే విలువలో సగం ఫ్రీహోల్డరుకు కట్టాలి, దాన్నే మ్యారేజ్ వాల్యూ అంటారు. 70 దగ్గరికి వస్తే చాలా బ్యాంకులు లోన్‌కు మొహం చాటేస్తాయి, అంటే మీ దగ్గర కొనేవాడు నగదు పెట్టి కొనాలి, నగదున్నవాడు గీచి గీచి బేరమాడతాడు.

ఈ మ్యారేజ్ వాల్యూ రద్దయిపోయింది కదా, పొడిగింపు ఏకంగా 990 ఏళ్లకు ఇస్తారు కదా అని ఏజెంట్లు చెబుతుంటారు. సగమే నిజం. లీజ్‌హోల్డ్ సంస్కరణ చట్టం 2024 మే 24న ఆమోదం పొందింది, ఈ రెండు మాటలూ అందులో ఉన్నాయి. ఆ చట్టం మీద ఫ్రీహోల్డర్లు కోర్టుకు వెళ్తే 2025 అక్టోబరులో హైకోర్టు వాళ్ళ కేసు కొట్టేసింది కూడా. కానీ చట్టం పాసవడం వేరు, అందులోని సెక్షన్లు అమల్లోకి రావడం వేరు. ఆ ముఖ్యమైన భాగాల కోసం జనం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. అమల్లోకి వచ్చినవాటిలో ఒకటి మాత్రం బాగా పనికొస్తుంది. ఇదివరకు ఫ్లాటు మీ పేరున రెండేళ్లు ఉంటే గానీ పొడిగింపు అడగడానికి వీల్లేదు, 2025 జనవరి 31 నుంచి ఆ షరతు పోయింది. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ల్యాండ్ రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కాక గానీ పొడిగింపు అడుగుతూ నోటీసు ఇవ్వలేరు, అది ఎక్కడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, ఈలోగా లీజు 80 కిందికి జారిపోవచ్చు. అలాంటి ఫ్లాటయితే అమ్మేవాళ్ళ చేతనే ముందు నోటీసు ఇప్పించి, ఆ హక్కును అమ్మకంతో పాటు మీ పేరుకు బదిలీ చేయించుకోవాలి. మంచి సొలిసిటర్ (అక్కడి వకీలు) ఈ మాట తనంతట తనే చెబుతాడు. ఏజెంటు అంటగట్టిన, ఫైళ్ళ గుట్టలో కూరుకుపోయిన కన్వేయన్సర్ (ఇళ్ళ బదిలీ కాగితాలు చూసే మనిషి) చెప్పడు.

ఇక గ్రౌండ్ రెంటు, అంటే ఫ్రీహోల్డరుకు ఏటా కట్టే నేల అద్దె. 2022 జూన్ 30 తర్వాత రాసిన కొత్త లీజులకు చాలావరకు అది లేదు. పాతవాటికి ఉంది, పదేళ్లకోసారి రెట్టింపయ్యేవీ ఉన్నాయి. ఏడాదికి 250 పౌండ్లేగా అనుకుంటాం, నలభై ఏళ్లకు అది 4,000 అవుతుంది. అలాంటి లీజును బ్యాంకు సర్వేయరు చూసి పెదవి విరుస్తాడు.

అమ్మేటప్పటి అవస్థ వేరు. మా స్నేహితుడొకరు ఫ్లాటు అమ్మకానికి పెడితే కొనేవాళ్ళు వారంలో దొరికారు. ఆ తర్వాత వాళ్ళ సొలిసిటర్ మేనేజ్‌మెంట్ ప్యాక్ అడిగాడు. మూడేళ్ల సర్వీస్ చార్జీ లెక్కలు, బిల్డింగు ఇన్సూరెన్సు, రిజర్వు ఫండులో ఎంతుంది, ముందు ముందు చేయబోయే రిపేర్లు, అగ్నిప్రమాద తనిఖీ రిపోర్టు, అన్నీ అందులో ఉండాలి. అది ఇవ్వాల్సింది భవనం నిర్వహణ చూసే మేనేజింగ్ ఏజెంటు, ఫీజు కట్టాల్సింది అమ్మేవాడు. ఫీజు ముందే గుంజుకుని వారాల తరబడి పలకలేదు, మెయిల్ పెడితే మీ ప్రశ్న అందింది అని ఆటోమేటిక్ జవాబు. అటు కొనేవాళ్ళ లోన్ ఆఫర్ గడువు కరిగిపోతుంటే ఈయనకు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. చివరికి ప్యాకొచ్చాక చూస్తే పైకప్పు రిపేరుకు నోటీసు ఇచ్చేసి ఉంది. ఆ లెక్క తేలేదాకా అని కొనేవాళ్ళు ధరలో కొంత సొమ్ము సొలిసిటర్ దగ్గర ఆపించారు. కాబట్టి అమ్మాలనుకున్న రోజే, ఫొటోగ్రాఫరును పిలవకముందే, ఆ ప్యాక్ కోసం దరఖాస్తు పెట్టండి. గోడ కొట్టించినా, కార్పెట్ తీసేసి చెక్క ఫ్లోరింగు వేయించినా ఫ్రీహోల్డరు అనుమతి కాగితం ఉందో లేదో వెతికి పెట్టుకోండి. (తలుపు బయట చెప్పుల స్టాండు పెట్టినందుకు ఉత్తరాలు అందుకున్న మనవాళ్ళు నాకు తెలుసు, అదీ లీజులో రాసే ఉంటుంది.)

పెద్ద రిపేర్లలో ఒక్కో ఫ్లాటు వంతు 250 పౌండ్లు దాటితే ముందుగా మనల్ని సంప్రదించాలని చట్టం. ఖర్చు అన్యాయంగా ఉంటే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. కోపం కొద్దీ కట్టడం మానేస్తే మాత్రం లీజే రద్దు చేయమని కోర్టుకెక్కే అవకాశం ఫ్రీహోల్డరుకు ఇప్పటికీ ఉంది.

2017 జూన్‌లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయాక ఎత్తయిన భవనాలకు బయటి గోడల సర్టిఫికెట్ కూడా అడుగుతున్నారు. కనీసం 11 మీటర్లు గానీ, కనీసం ఐదంతస్తులు గానీ ఉన్న భవనాల్లో ఫ్లాట్లున్నవాళ్ళకు అలాంటి లోపాలు సరిచేసే ఖర్చు నుంచి 2022 చట్టం కొంత రక్షణ ఇచ్చింది, కానీ దానికి పాత యజమాని నుంచి తీసుకోవాల్సిన కాగితాలు ఉంటాయి. తాళాలు చేతికొచ్చాక ఆయన వెంట పడితే దొరకడు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీరు పంపే సొమ్ము ఎక్కడిదని ఇంగ్లండులోని సొలిసిటర్ అడుగుతాడు, ప్లాటు అమ్మిన దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇది బహుమతే, ఫ్లాటులో మాకు వాటా లేదు అని సంతకం, అన్నీ కావాలి. ఇండియాలో ఏడాదికి పది లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ పంపేరోజు చేతిలో ఉండాలిగా.

ఇంగ్లండులోని తెలుగు సంఘాలకూ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఉగాది వేడుకల్లో మార్ట్‌గేజ్ బ్రోకర్లకు స్టాళ్ళు ఇస్తున్నారు, తప్పులేదు. ఆ పక్కనే ఒక టేబుల్ వేసి, కమీషన్‌తో పనిలేని లీజ్‌హోల్డ్ సొలిసిటర్‌ను ఓ పూట కూర్చోబెట్టండి. లీజ్ అని పేరున్న ప్రభుత్వ నిధుల సలహా సంస్థ ఉచితంగానే సలహా ఇస్తుంది, దాని ఫోన్ నంబరైనా స్పాన్సర్ల బ్యానరు కింద పెద్దక్షరాలతో వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రెడింగ్, ఇంగ్లండు