ఓడెక్కి పోయినవాళ్ళను ఇక్కడి నుంచి వెతికే దారి కూడా చూపించండి

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి గారికి నమస్కారం.

మా ముత్తాత గారి తమ్ముడు దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళాడు. ఇంట్లో చెప్పుకునేది ఇంతే: పెళ్ళికాని కుర్రాడు, అన్నతో ఏదో మాటా మాటా వచ్చి ఇల్లు వదిలాడు, మద్రాసులో ఓడెక్కాడు, ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి దెబ్బ తాలూకు మచ్చ ఉండేది. మళ్ళీ ఒక్క ఉత్తరం రాలేదు. ఆ మచ్చ గురించి మా నాయనమ్మ ఎంత వివరంగా చెప్పేదంటే ఆవిడ కళ్ళారా చూసిందేమో అనుకునేవాణ్ణి, నిజానికి ఆవిడ కాపురానికి వచ్చేనాటికే ఆయన ఇల్లు వదిలి ఏళ్ళు గడిచాయి, అది అత్తగారి నోట విన్న మాట.

మద్రాసు నుంచి బయల్దేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న నాటాల్‌లోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911లో ఆపేసేదాకా 1,52,000 మందికి పైగా మనవాళ్ళు కూలి ఒప్పందాల మీద అక్కడికి వెళ్ళారు. ఆ ఓడల జాబితాలు భద్రంగా ఉన్నాయి. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు కూడా. రోజూ రాత్రి పని అయ్యాక వాటి ముందే కూర్చుంటున్నాను.

కష్టం ఎక్కడంటే, వాటిలో మన ఇంటిపేర్లు లేవు. తెలుగువాడి ఇంటిపేరు తీసేస్తే ఒకే తాలూకాలో అప్పన్నలు, రాములు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి. పైగా ఊరి పేరు చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో రాశారు, ల ఏదో ళ ఏదో తెలీదు, దీర్ఘాలు ఉండవు, ఒక్కో ఊరికి నాలుగైదు స్పెల్లింగులు పెట్టి వెతకాలి.

అలా వెతగ్గా వెతగ్గా ఒక వరస దగ్గర ఆగిపోయాను. తండ్రి పేరు మాదే, తాలూకా మాదే, ఊరి పేరు దాదాపు మాదే. గుర్తుల గడిలో ఎడమ కనుబొమ మీద మచ్చ అని ఉంది. చాలాసేపు కదల్లేకపోయాను. చెబుదామంటే నాయనమ్మ లేదు.

అక్కడి నుంచి ముందుకు పోలేకపోతున్నాను. ఆయన ఏ తోటలో పనిచేశాడు, పెళ్ళి చేసుకున్నాడా, పిల్లలున్నారా, ఎక్కడ పోయాడు, ఇవన్నీ అక్కడి రికార్డుల్లో చూడాల్సిన సంగతులు. ఒక కార్యాలయానికి రాస్తే ఇది మా పరిధి కాదన్నారు, ఇంకో చోట అసలు జవాబే లేదు.

అక్కడివాళ్ళు ఇక్కడి మూలాలు వెతుక్కోవడానికి 2008లో అప్పటి ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖ 'ట్రేసింగ్ ది రూట్స్' పథకం పెట్టింది, 2016లో ఆ శాఖ మీ శాఖలోనే కలిసింది. మంచి పథకం, కాదనను. కానీ దరఖాస్తు విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్ళు అక్కడి మన రాయబార కార్యాలయంలో పెట్టుకోవాలి. తప్పిపోయింది రెండు వైపులవాళ్ళకీ కదండీ! అన్నదమ్ముల్లో ఒకరి మునిమనవడికి తలుపు తెరిచి రెండోవాడి మునిమనవణ్ణి బయట నిలబెట్టడం న్యాయమేనా?

మా ఇంట్లో తరతరాలుగా ఒక నింద ఉంది, ఆయన మమ్మల్ని మర్చిపోయాడని. ఒప్పందం అయిదేళ్ళు, పదేళ్ళు అక్కడుంటే తిరుగు ప్రయాణం ఉచితం, మరి ఎందుకు రాలేదని. 1895 చట్టంతో ఒప్పందం ముగిసినవాళ్ళ మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారనీ, అది కట్టలేక మళ్ళీ అదే కూలికి ఒప్పుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారనీ చదివాక ఆ నింద నేను మోయలేకపోతున్నాను. ఆయన ఎందుకు రాలేదో నాకు తెలియాలి.

అందుకని అడుగుతున్నాను. ఇక్కడి కుటుంబాలు కూడా దరఖాస్తు పెట్టుకునేలా ఆ పథకాన్ని మార్చండి. ఓడల జాబితాల్లోని ఊళ్ళ పేర్లను పాత తాలూకాల ప్రకారం తెలుగులో ఒక సూచికగా వేయించండి, ఇది తెలుగు తెలిసినవాళ్ళు కూర్చుంటే అయ్యే పనే, డబ్బు కంటే ఓపిక ఎక్కువ కావాలి. అక్కడ వారసులు దొరికితే వాళ్ళ వివరాలు నేరుగా మా చేతిలో పెట్టమనడం లేదు. మా ఉత్తరం వాళ్ళకు చేర్చండి, ఇష్టమైతే వాళ్ళే రాస్తారు, లేదంటే అక్కడితో ఆగిపోతాం.

ఉత్తరం రాసి పెట్టుకున్నాను. ఆయన నంబరు పైన వేశాను. ఎవరికి పంపాలో చెప్పండి.

ఇట్లు,
ఆయన అన్నగారి మునిమనవడు