మెగ్గర్ ఒక్కటి చూసి మోటారు బాగుందనుకోవద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో, ఎర్రగుంట్ల వైపు క్రషర్లలో మోటారు కాలితే వైండింగ్ షాపుకు పంపడం, అప్పటిదాకా దాని జోలికి పోకపోవడం అలవాటైపోయింది. చాలా మోటార్లు ఉన్నట్టుండి కాలవు. ముందే గుర్తులు కనిపిస్తాయి, చూసేవాళ్ళుంటే.

ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు, అంటే మెగ్గర్, చాలామంది దగ్గర ఉంది, వాడే తీరులోనే లోపం. 415 వోల్టుల మోటారుకు 500 వోల్టుల మెగ్గర్ చాలు. డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) ఉంటే ముందు దాని నుంచి కేబుల్ విప్పాలి, లేకపోతే డ్రైవ్ పోతుంది. వైండింగ్‌కూ (లోపలి రాగి తీగ చుట్లకూ) బాడీకీ మధ్య నిండా ఒక నిమిషం పెట్టాకే రీడింగ్ రాసుకోవాలి. తర్వాత వైండింగ్‌ను నాలుగు నిమిషాలైనా ఎర్తుకు కలిపి ఉంచాలి, అందులో చార్జి నిలిచి ఉంటుంది. కనీసం 5 మెగోమ్‌లు (50 లక్షల ఓమ్‌లు) రావాలన్నది నియమం. అయితే ఆ ఒక్క అంకె కంటే పోయిన నెల ఎంత ఉందన్నదే ముఖ్యం. వైండింగ్ వేడి 10 డిగ్రీలు పెరిగితే రీడింగ్ ఇంచుమించు సగమవుతుంది. 30 డిగ్రీల దగ్గర 80 చూపిన మోటారు 50 డిగ్రీల దగ్గర 20 చూపుతుంది, అది జబ్బు కాదు. అందుకే రీడింగ్ పక్కన వేడి కూడా రాయాలి. అదే వేడిలో 200, 90, 40 అని దిగుతూ వస్తే మాత్రం రాతిపొడి బురద, తేమ లోపలికి చేరుతున్నట్టే. ఆ దశలో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, వార్నిష్ వేస్తే రీవైండింగ్ ఖర్చు తప్పుతుంది.

మెగ్గర్‌కు కనబడనిది ఒకటుంది. అది రాగికీ బాడీకీ మధ్య ఉన్న ఇన్సులేషన్‌ను మాత్రమే చూస్తుంది. ఒకే కాయిల్లో రెండు చుట్ల మధ్య ఎనామెల్ (తీగ మీది ఇన్సులేషన్ పూత) పోయినా రీడింగ్ వందల్లోనే ఉంటుంది, మోటారు మాత్రం కొద్ది రోజుల్లో కాలుతుంది. దీన్ని తొలిదశలో పట్టేది సర్జ్ టెస్టర్, అంటే వైండింగ్‌కు క్షణకాలం హై వోల్టేజీ దెబ్బలు ఇచ్చి చూసే పరికరం. మూడు ఫేజుల రెసిస్టెన్స్ పోల్చినా కొంత తెలుస్తుంది, కానీ పెద్ద మోటార్లకు మామూలు మల్టీమీటర్ పనికిరాదు, చాలా చిన్న రెసిస్టెన్స్‌ను కొలిచే మైక్రోఓమ్ మీటర్ కావాలి.

సప్లయి వోల్టేజీని చాలామంది పట్టించుకోరు. మూడు లైన్ల మధ్య 420, 412, 398 వచ్చాయనుకోండి. సగటు 410, సగటుతో ఎక్కువ తేడా 12, అంటే దాదాపు 3 శాతం. చూడ్డానికి చిన్నదే. కరెంటులో తేడా శాతం మాత్రం దానికి 6 నుంచి 10 రెట్లు ఉంటుంది, వైండింగ్ వేడి పెరుగుదల సుమారు 18 శాతం ఎక్కువవుతుంది. 10 డిగ్రీలు అదనంగా వేడెక్కితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమైనట్టే. టాంగ్ టెస్టర్‌లో (తీగ విప్పకుండానే కరెంటు కొలిచే మీటరులో) ఒక లైన్ ఎక్కువ చూపితే తప్పు మోటారుదా, సప్లయిదా తేల్చడం సులభం. మెయిన్ ఆపి, మూడు తీగలనూ వరుసగా ఒక్కో స్థానం జరిపి కలపండి, తిరిగే దిశ మారదు. ఎక్కువ కరెంటు అదే లైన్‌లో ఉండిపోతే సప్లయి తప్పు, మోటారు తీగతో పాటు జరిగితే మోటారు తప్పు. ఈ పరీక్ష చేయకుండానే ఎన్నో మంచి మోటార్లను విప్పేస్తున్నారు.

బేరింగుల విషయానికొస్తే, గట్టి పునాది మీదున్న 15 నుంచి 300 కిలోవాట్ల దాకా ఉన్న మోటారుకు వైబ్రేషన్ సెకనుకు 2.8 మిల్లీమీటర్లు దాటితే కారణం వెతకాలి, 4.5 దాటితే ఆపేయాలి. గ్రీజు ఎక్కువ కొట్టినా బేరింగు వేడెక్కుతుంది, మిగిలింది వైండింగ్ మీదికి పోతుంది.

సర్జ్ టెస్టర్, వైబ్రేషన్ మీటర్ కొనడం చిన్న యూనిట్ల వల్ల కాదు. జిల్లా పరిశ్రమల కేంద్రం చొరవ తీసుకుని వీటిని దగ్గర్లోని ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో ఉంచి, అద్దెకు ఇప్పించాలని, అక్కడి విద్యార్థులకూ ఈ పరీక్షలు నేర్పించాలని కోరుతున్నాం.

– మోటారు వైండింగ్ మెకానిక్‌లు, తాడిపత్రి, అనంతపురం జిల్లా