ఏ చేపతో ఏ చేప ఉండగలదో చెప్పేవాళ్లే లేరా?

సంపాదకుల వారికి నమస్కారం.

చిన్న ఇళ్లలో అక్వేరియం పెట్టుకోవడం గురించి ఈమధ్య మీ జిల్లా పేజీల్లో వచ్చిన కథనం చదివినప్పుడే రాద్దామనుకున్నాను. తెలిసినవాళ్లు ఎవరైనా రాస్తారని ఆగాను. ఎవరూ రాయలేదు. ఒకటిన్నర అడుగుల తొట్టిలో గోల్డ్‌ఫిష్, ఏంజెల్, టైగర్ బార్బ్, ఫైటర్ కలిపి వేసుకుంటే ఇల్లు కళకళలాడుతుందని అందులో ఉంది. ఆ నాలుగూ ఒక్కచోట బతికే చేపలు కావు. చేపలు పెంచే ఎవరిని అడిగినా ఈ మాట చెప్తారు. అచ్చు వేసే ముందు ఒక్కరినైనా అడగాల్సింది.

గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప. 20 డిగ్రీలకు అటూ ఇటూ దానికి హాయి. ఏంజెల్‌కీ, ఫైటర్‌కీ 26, 27 డిగ్రీలు ఉండాలి. ఒకరికి నప్పిన నీళ్లు ఇంకొకరికి నప్పవు. పైగా గోల్డ్‌ఫిష్ తినేదీ ఎక్కువే, నీళ్లు పాడుచేసేదీ ఎక్కువే. టైగర్ బార్బ్ పొడవాటి రెక్కలు కనిపిస్తే కొరక్కుండా ఉండదు, అలాంటి రెక్కలున్నవి ఏంజెల్, ఫైటరే. ఏంజెల్ కాస్త పెరిగాక నోట్లో పట్టే చిన్న చేపల్ని మింగేస్తుంది. రెండు మగ ఫైటర్లను కలిపితే ఏమవుతుందో ఆ పేరులోనే ఉంది.

ఆ తొట్టిలో పట్టేది మహా అయితే 30 లీటర్లు. చేపల నుంచి వచ్చి వాటికే విషమయ్యే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్లో పెరగడానికే నెల పైన పడుతుంది. మన దగ్గర పొద్దున తొట్టి కొంటే సాయంత్రానికి డజను చేపలు వేసేస్తారు. వారంలో ఒక్కొక్కటీ పైకి తేలుతుంటే షాపులో "నీళ్లు మొత్తం మార్చండి" అంటారు. క్లోరిన్ కలిపిన కార్పొరేషన్ నీళ్లు పంపు నుంచి నేరుగా పోస్తే మిగిలినవీ పోతాయి. మా పక్కింటి పిల్లలు ఇలాగే చచ్చిన చేపల్ని చూసి ఏడ్చారు. వాళ్ల నాన్న వెళ్లి అడిగితే ఆ షాపువాళ్లు ఇంకో నాలుగు చేపలు అమ్మి పంపారు. ఇక వాస్తు పేరుతో ఎనిమిది గోల్డ్‌ఫిష్, ఒక బ్లాక్ మూర్ (నల్ల గోల్డ్‌ఫిష్) కలిపి అడుగు తొట్టిలో కుక్కడం మరో ఘోరం. ఒక్కో గోల్డ్‌ఫిష్ సరిగ్గా పెరిగితే జానెడు దాటుతుంది. తొమ్మిది ఎక్కడ ఈదాలి?

అన్నింటికన్నా ఎక్కువ కోపం వచ్చేది షాపుల్లో ‘షార్క్’ అని పిలిచే చేపను చూసినప్పుడు. వేలెడంత పిల్లను అలంకార చేప అని అమ్ముతున్నారు. అది కైకలూరు చెరువుల్లో మన ఆక్వా రైతులు కిలోల లెక్కన పెంచే పంగస్. మీటరు దాకా పెరిగే చేప! తొట్టి అద్దాలు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ కూడా అంతే, అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక వీటిని ఏం చేస్తారు? చంపడానికి చేతులు రావు. ఎవరూ చూడకుండా బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో వదిలేస్తారు. కృష్ణలో వలలు చింపే దెయ్యం చేప అని జాలర్లు మొత్తుకునేది ఈ సక్కర్ జాతి గురించే. దక్షిణ అమెరికా చేప అది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మన చేపల మేత తినేస్తుంది. బ్యారేజీ దగ్గర వేట మీద బతికేవాళ్ల పొట్ట కొడుతోంది. ఇళ్లలో చేపలు పెంచే నాలాంటివాళ్లం దీన్ని పట్టించుకోకపోతే ఎలా?

అధికారులకు ఇవి పట్టవు. ఆక్వాలో దేశంలోనే ముందున్నామని చెప్పుకునే రాష్ట్రం మనది. కృష్ణలో చేపపిల్లల్ని వదిలిన రోజు నాయకులు, అధికారులు వరసగా నిలబడి ఫొటోలు దిగుతారు. అదే నదిలోకి ఇళ్ల నుంచి ఏయే చేపలు చేరుతున్నాయో మాత్రం ఆరా తీయరు. 2020లో మొదలైన కేంద్ర మత్స్య సంపద యోజనలో అలంకార చేపల పెంపకానికి సబ్సిడీ పెట్టారు, సంతోషం. మరి కొనేవాడికి సలహా చెప్పే మనిషేడీ? 2017లో కేంద్రం అక్వేరియం చేపల అమ్మకాల మీద నిబంధనలు తెచ్చి, తర్వాత వెనక్కి తీసుకుంది. అప్పటినుంచి ఎవరికి తోచింది వాళ్లు అమ్ముతున్నారు.

చిన్న తొట్టి పెట్టుకోవద్దని నేను అనడం లేదు. 30 లీటర్లలో ఐదారు మగ గప్పీలు చక్కగా బతుకుతాయి. ఆడవి కూడా వేస్తే నెల తిరిగేసరికి పిల్లలు పుట్టి తొట్టి నిండిపోతుంది. లేదంటే ఒక్క ఫైటర్‌ని ఒంటరిగా ఉంచండి. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, అంటే లవణాలు ఎక్కువ, అయినా గప్పీలకు ఇబ్బంది లేదు. నియాన్ టెట్రాలకు లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి, అవి గుంపుగానే ఉంటాయి, కాబట్టి కొత్తవాళ్లు వాటి జోలికి పోకపోవడం మంచిది. కార్పొరేషన్ నీళ్లయితే బకెట్లో ఒక రోజంతా ఉంచి, లేదా క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేసి, వారానికి నాలుగో వంతు మాత్రం మార్చాలి. మే నెల ఎండల్లో నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. కరెంటు పోయి గాలి పంపే మోటారు ఆగితే కష్టం, అందుకే చేపలు తక్కువ ఉండడమే క్షేమం.

ప్రతి షాపులో ప్రతి తొట్టి మీద ఆ చేప ఎంత పెరుగుతుందో, దేనితో కలవదో తెలుగులో రాసి పెట్టించాలని మత్స్యశాఖను కోరుతున్నాను. పెంచలేనివాళ్లు కాలువలో పారేయకుండా తిరిగి ఇచ్చే చోటు ఒకటి విజయవాడలో, ఒకటి గుంటూరులో చూపించాలి. మీరు కూడా ఆ కథనానికి సవరణ వేయండి. కథనం వచ్చిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. వేసవి సెలవుల్లో పిల్లల కోసం తొట్లు కొనేవాళ్లు చాలామంది ఉంటారు, ఆలోపే రావాలి.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ