బాపు ఇల్లు ఇప్పుడే నీ పేరు మీదికి రానివ్వకు

దత్తనగర్, సోలాపూర్

ప్రియమైన దోస్తూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిన రెండు మాటలు నన్ను నిద్రపోనివ్వలేదు. పుణెలో హడప్సర్ దగ్గర ఆ బిల్డర్ ఫ్లాట్‌కి ఈ నెలలోనే ఆరు లక్షలు కట్టేస్తానన్నావు. మీ నాన్న, మన బాపు, ఇక్కడి ఇల్లు నీ పేరు మీద చేస్తానంటే సరేనన్నావు. నీ వెనక పిల్లల గొడవ, నా వెనక మగ్గాల చప్పుడు, ఏదీ సరిగ్గా మాట్లాడుకోలేకపోయాం. అందుకే కూర్చుని రాస్తున్నా. తాపీగా చదువు. నీ ఇల్లాలికి, అదే నా చెల్లెకి కూడా చదివి వినిపించు, ఎందుకంటే ఇందులో ఆమె పని కూడా ఉంది.

ముందు బాపు సంగతి. పొద్దున వెళ్లి కలిశాను. మోకాళ్ల నొప్పితో అరుగు మీదే కూర్చున్నాడు. తన కళ్ల ముందే అన్నీ అయిపోవాలని ఆరాటం. "బక్షీస్ పత్రం రాస్తే స్టాంపు రెండు వందలే కదరా, ఎందుకు ఆలస్యం" అంటాడు. ఆయన అన్నది నిజమే. మన మహారాష్ట్రలో తండ్రి కొడుక్కి ఉండే ఇల్లు బక్షీస్‌గా, అంటే దానంగా రాసిస్తే స్టాంపు డ్యూటీ 200 రూపాయలే, పైన కొంత స్థానిక సెస్ పడుతుంది. కానీ ఆ రెండు వందల స్టాంపు నీకు లక్షా ఎనభై వేలు పోగొట్టేలా ఉంది.

ఎలాగంటావా? ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబర్ 1న మొదలైంది. అందులో హోమ్ లోన్ వడ్డీకి సబ్సిడీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు ఉండాలి. లోన్‌లో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ సబ్సిడీ, పన్నెండేళ్ల లెక్కన. మొత్తం 1.80 లక్షల వరకు, ఐదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. దీనికి పెద్ద షరతు, నీకు గానీ చెల్లెకు గానీ పెళ్లికాని పిల్లలకు గానీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. పుణెలో లేకపోతే చాలదు, సోలాపూర్‌లో కూడా ఉండకూడదు. బాపు పేరు మీద ఉన్నంతకాలం అది బాపు ఇల్లు. పెళ్లయిన కొడుకు కుటుంబం లెక్కలో తల్లిదండ్రులు రారు. నీ పేరు మీదికి వచ్చిన రోజే నువ్వు ఇల్లున్నవాడివి అవుతావు.

ఇది దాచిపెట్టడం కాదురా. ఇల్లు ఆయనది, ఆయన పేరు మీదే ఉంటుంది, అంతే. రేపు ఏమన్నా అయితే అన్నదమ్ముల మధ్య గొడవ వస్తుందేమోనని ఆయన భయం. దానికి వీలునామా ఉంది కదా. స్టాంపు ఖర్చే లేదు, ఇద్దరు సాక్షులు చాలు, కావాలంటే రిజిస్టర్ కూడా చేయించవచ్చు. నేను ఆ మాటే చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "వాడికి నష్టమైతే వద్దులే" అన్నాడు. నువ్వూ ఒకసారి ఫోన్ చేసి మెల్లగా చెప్పు. నాకంటే నీ నోటితో వింటే ఆయన మనసు కుదుటపడుతుంది.

ఇక ఆ ఫ్లాట్. నలభై రెండు లక్షలు అన్నావు. సేల్స్ అబ్బాయి "రెండు లక్షల అరవై ఏడు వేలు సబ్సిడీ వస్తుంది" అన్నాడన్నావు. ఆ 2.67 లక్షలు పాత పథకానివి, 2015లో మొదలైన మొదటి విడతవి. తక్కువ ఆదాయం వాళ్లకు కూడా అది 2022 మార్చి 31తో ముగిసింది. కొత్త పథకంలో ఇంటి విలువ 35 లక్షలు దాటితే పైసా రాదు. అంటే ఆ నలభై రెండు లక్షల ఇంటికి నీకు వచ్చేది సున్నా. ఆ అబ్బాయికి తెలియక చెప్పాడో, తెలిసే చెప్పాడో నాకనవసరం. నీ ఈఎంఐ లెక్కలో ఆ డబ్బు కలుపుకున్నావు కదా, అదే నాకు టెన్షన్.

అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందే ఆరు లక్షలు అడగడం కూడా తప్పే. ఇళ్లు కొనేవాళ్ల కోసం ఉన్న రెరా చట్టం ప్రకారం రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ఇంటి ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. నీ లెక్కకు అది నాలుగు లక్షల ఇరవై వేలు. ఈ ఒక్క మాట వాళ్లను అడిగి చూడు, ఏం జవాబిస్తారో. మన రాష్ట్ర రెరా సంస్థ మహారెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్ట్ నంబర్ కొట్టి, ఎప్పటికి పూర్తి చేస్తామని రాశారో, కోర్టు కేసులేమైనా ఉన్నాయో చూడు. బ్రోచర్‌లో రాసిన 650 చదరపు అడుగులు చూసి మురిసిపోకు, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే జాగా, ఎంతో అడుగు. మీరు చాప పరిచి పడుకునేది అందులోనే.

పై ఖర్చులు కూడా రాస్తున్నా. పుణెలో స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి 7 శాతం, అంటే 2,94,000. రిజిస్ట్రేషన్ 30 వేలు. కట్టడంలో ఉన్న ఇల్లు కాబట్టి జీఎస్టీ 1 శాతం, 42 వేలు. ఇవన్నీ చేతి నుంచి పోయేవే. ఇల్లు ఒక్క చెల్లె పేరు మీదే తీసుకుంటే స్టాంపులో ఒక శాతం తగ్గుతుంది. ఇద్దరి పేర్లు పెడితే ఆ రాయితీ రాదు. ఏ ఇల్లు కొన్నా ఆమె పేరు మీదే కొను. పన్నెండేళ్లుగా ఆమె మిషన్ కుట్టి పొదుపు చేసిన డబ్బు కూడా అందులో ఉంది.

మరి ఏం చేయాలంటావు. నా మాట విని రాష్ట్ర సర్కారు ఇళ్ల సంస్థ మ్హాడా, దాని పుణె బోర్డు లాటరీకి అర్జీ పెట్టు. మనవాళ్లు సోడత్ అంటారే, అదే. పుణె లాంటి పెద్ద ఊళ్లలో నాలుగు వేల చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలంలో ఇళ్లు కట్టే బిల్డర్ ఇరవై శాతం తక్కువ ఆదాయం వాళ్లకు విడిగా పెట్టాలి. ఆ ఇళ్లు మార్కెట్ ధరకు కాదు, సర్కారు కట్టిన ధరకు లాటరీలో వస్తాయి. నీ జీతం ముప్పై ఎనిమిది వేలు, చెల్లెది పదహారు వేలు, ఏడాదికి 6,48,000. మ్హాడా లెక్కలో పుణెకు ఆరు నుంచి తొమ్మిది లక్షలు అల్ప ఆదాయ వర్గం, అంటే ఎల్ఐజీ. కేంద్ర పథకంలో అదే మీ కుటుంబం మధ్య ఆదాయ వర్గం, ఎంఐజీ. ఫారం నింపేటప్పుడు ఈ రెండూ కలగాపులగం చేయకు. మ్హాడాకు ఇల్లు లేకపోవడం అనేది ఆ ఊరి కార్పొరేషన్ హద్దుల లెక్క. అందుకే అక్కడ సోలాపూర్ ఇల్లు అడ్డురాదు, వడ్డీ సబ్సిడీకి మాత్రం అడ్డు. లాటరీలో వచ్చే ఇల్లు 35 లక్షల లోపే ఉంటే ఆ సబ్సిడీకి కూడా అడగవచ్చు, అందుకే బాపు సంగతి ముందు రాశాను.

వెంటనే తగులుతుందని నేను ఆశ పెట్టను. ముంబైలో 2024లో 2,030 ఇళ్లకు లక్షా పదమూడు వేలకు పైగా అర్జీలు వచ్చాయి. పుణెలో అంత ఒత్తిడి ఉండకపోవచ్చు గానీ ఓపిక కావాలి. తగలకపోతే డిపాజిట్ తిరిగి వస్తుంది. ఇప్పుడు కాగితాలు లాటరీకి ముందే చూస్తారు. కాబట్టి ఇద్దరి ఆధార్, పాన్, డొమిసైల్ (నివాస పత్రం), ఇద్దరి ఆదాయానికి ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు గానీ తహశీల్దార్ ఇచ్చే దాఖలా గానీ ఇప్పుడే సిద్ధం చెయ్యి. "కోటాలో ఇప్పిస్తా" అని ఎవడైనా అంటే తలుపు వేసెయ్. మా బావ ఒక దళారీకి ఎనభై వేలు ఇచ్చి, ఇల్లూ లేక డబ్బూ లేక అక్క నగలు తాకట్టు పెట్టిన రోజులు నువ్వు చూశావు. ఆ ఏడుపు నా చెవుల్లో ఇంకా ఉంది.

మా అమ్మను గుర్తు తెచ్చుకో. సాఖర్ పేఠ్‌లో ఒక్క అద్దె గదిలో ఏడుగురం. ఆకు కత్తిరించి, విడీలు (బీడీలు) చుట్టి, రాత్రి అదే చాప దులిపి మమ్మల్ని పడుకోబెట్టేది. 2006లో మన ఊరి పక్క కుంభారిలో కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరుతో కట్టిన పది వేల ఇళ్లను ప్రధాని మన్మోహన్ సింగ్ విడీ కార్మికులకు అప్పగించినప్పుడు మాకూ ఒకటి దక్కింది. ఏళ్ల తరబడి అమ్మ తన విడీ కార్డు ప్లాస్టిక్ కవర్‌లో దాచి, ప్రతి మీటింగ్‌కీ వెళ్లింది కాబట్టే దక్కింది. ఆ తర్వాత అదే కుంభారిలో ముప్పై వేల ఇళ్ల రే నగర్. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం మాస్తర్, వాళ్ల యూనియన్ ఎన్నేళ్లు తిరిగారో ఇక్కడ అందరికీ తెలుసు. 2024 జనవరి 19న మొదటి పదిహేను వేల ఇళ్ల తాళాలు ప్రధాని మోదీ చేతుల మీదుగా ఇచ్చారు. ఆ కార్మికుల్లో మన మగ్గాల మీద నిలబడి పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఊరికి దూరం, ఆటో ఖర్చు పెరిగింది, ఆ కష్టం నిజమే. నువ్వూ ఇల్లు చూసేటప్పుడు కంపెనీకి బస్సు ఉందా, పిల్లల బడి ఎంత దూరం, నీళ్లు ఎన్ని రోజులకొకసారి అని అడుగు. మన ఊళ్లో నల్లా నీళ్ల కోసం రోజులు లెక్కపెట్టి పెరిగినవాళ్లం, ఆ ప్రశ్న నీకు నేను నేర్పనక్కర్లేదు.

ఆదివారం పొద్దున హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నా. బిల్డర్ ఇచ్చిన కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి ఉంచు. ఇద్దరం కూర్చుని మహారెరాలో చూద్దాం, ఆ తర్వాత మ్హాడా రిజిస్ట్రేషన్ కూడా చేసేద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెక్కు రాయకు. అమ్మ శేంగా చట్నీ, అదే పల్లీల పొడి, దంచి డబ్బా నింపింది, కడక్ భాకరి (గట్టి జొన్న రొట్టెలు) కూడా తెస్తున్నా. చెల్లెను వంట పెట్టుకోవద్దని చెప్పు.

నీ దోస్తు