దొడ్డిదారి వద్దు, వీధి తలుపు తీయండి: కేంద్ర విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. నేను పల్నాడు జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ లెక్చరర్ని. ట్రాన్స్‌పోర్టేషన్ పాఠాలు చెబుతాను.

మా ఫైనలియర్ పిల్లలు నలుగురు ప్రాజెక్టు కోసం చిలకలూరిపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిని ఎంచుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయిది ఆ రోడ్డు పక్క ఊరే. ఇళ్లు ఒకవైపు, పొలాలు ఇంకోవైపు. డివైడర్‌కి సందు ఉన్నచోట కూలీలు, గేదెలు, మిర్చి టిక్కీలు వేసుకున్న ట్రాక్టర్లు దాటుతుంటాయి. సగం ట్రాక్టర్లకి వెనక లైటు ఉండదు. ఆ సందు మూసేయాలా, కాస్త అవతలికి జరపాలా, అండర్‌పాస్ అడగాలా అన్నది పిల్లల ప్రశ్న. వారం రోజులు పొద్దునా సాయంత్రం నిలబడి బళ్లు లెక్కపెట్టారు. తర్వాత, ఇలాంటి చోట్ల ఇంతకుముందు ఎవరైనా ఏం తేల్చారో చూద్దామని కూర్చున్నారు.

సరిగ్గా కావలసిన పేపరే కనబడింది. మన జాతీయ రహదారి మీద, మన ప్రభుత్వ విద్యాసంస్థలో పనిచేసేవారు చేసిన పరిశోధన. పది లైన్ల సారాంశం చదవనిచ్చారు. మిగతాది కావాలంటే 30 డాలర్ల పైమాటే, అదీ ఒక్క పేపరుకి. ఇలాంటివి పదిహేనైనా తిరగేస్తేగాని ప్రాజెక్టు నిలబడదు.

అదే సాయంత్రం అమెరికా రోడ్ల మీద ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ నివేదికలు మొదటి పేజీ నుంచి చివరిదాకా ఉచితంగా దిగాయి. అక్కడి రాష్ట్రాల రహదారి శాఖలు కలిసి చేయించుకునే పరిశోధన అది. ఎవరైనా చదువుకోవచ్చు. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన ప్రజలకు ఉచితంగా అందాలని 2022లో అక్కడి శ్వేతసౌధం ఆదేశించింది కూడా. అంటే మా అమ్మాయి ఒహాయో రోడ్డు గురించి చదవగలదు, వాళ్ల ఊరి ముందు రోడ్డు గురించి చదవలేదు.

పిల్లలు దొరికిందే చదువుతారు, చదివిందే రిపోర్టులో దింపుతారు. లేన్ పట్టుకు పోయే కార్ల లెక్కలు తెచ్చి, సందు దొరికితే దూరే ఆటోలకీ, రాంగ్ రూట్లో వచ్చే బైకులకీ అంటగడతారు. ఆ లెక్కలు ఇక్కడ పనికిరావనేగా, మన ట్రాఫిక్ కోసం విడిగా కేంద్ర రహదారి పరిశోధన సంస్థ సీఆర్ఆర్ఐ 2017లో ఇండో-హెచ్‌సీఎం అనే రోడ్డు సామర్థ్య లెక్కల పుస్తకం తయారుచేసింది!

పరిశోధన పత్రికల చందా కేంద్రమే కట్టేలా మీరు తెచ్చిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం మంచిదే. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లు చక్కగా వాడుకుంటున్నారు. వరంగల్ నిట్‌లో ఉన్న నా పాత శిష్యుడికి ఆ పేపరు క్షణంలో తెరుచుకుంటుంది. మా కాలేజీలో తెరుచుకోదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు. ఇది తొలి దశే అని తెలుసు, కానీ ఈ నలుగురూ తర్వాతి దశ వచ్చేదాకా ఫైనలియర్‌లో ఉండరు కదా.

మమ్మల్ని కాసేపు పక్కన పెట్టండి. రోడ్డు వేసేది ఆర్ అండ్ బీ అసిస్టెంట్ ఇంజినీరు, వీధి మలుపు గీసేది మున్సిపల్ ఇంజినీరు. పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకే గనక వాళ్లూ బయటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం రోడ్డు ప్రమాద మరణాల్లో 92 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే. మన దేశంలో 2022 ఒక్క ఏడాదే 1,68,491 మంది పోయారు. ఈ లెక్క తగ్గించాల్సిన చేతుల్లోకే కాగితాలు వెళ్లడం లేదు.

ఇన్నాళ్లూ చాలామంది పిల్లలకు సై-హబ్ దొడ్డిదారి ఉండేది, డబ్బు కట్టాల్సిన పేపర్లను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే వెబ్‌సైటు. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వుతో అదీ మూసుకుంది. దాన్ని తెరవమనడం లేదు, వీధి తలుపు తీయమంటున్నాను.

ప్రైవేటు కాలేజీలనూ, రాష్ట్రాల రోడ్డు, మున్సిపల్ శాఖలనూ పథకంలో చేర్చండి. చందా పెరుగుతుందంటారా, కనీసం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక్క కంప్యూటర్‌కి లాగిన్ ఇప్పించండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఎప్పట్నుంచో కడుతూనే ఉన్నాం. ఇక ప్రభుత్వ డబ్బుతో మన రోడ్ల మీద చేసిన ప్రతి పరిశోధనకూ, పత్రిక ఒప్పుకున్న తుది రాతప్రతిని అందరూ చూసేచోట పెట్టాలన్న షరతు నిధులు ఇచ్చేటప్పుడే రాయించండి. దీనికి మీకు పైసా ఖర్చు లేదు.

పిల్లల ప్రాజెక్టు రివ్యూ ఏప్రిల్‌లో. ఆ పేపరు రాసిన ఆచార్యులకు ఆ అమ్మాయి మెయిల్ పెట్టింది. జవాబు కోసం చూస్తోంది.

ఇట్లు,
ఒక సివిల్ లెక్చరర్,
పల్నాడు జిల్లా