మైడాస్ గ్రీకు రాజా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో వచ్చిన, ముట్టుకున్నదల్లా బంగారమయ్యే మైడాస్ కథ గురించి ఈ ఉత్తరం. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు ఆగాను. వేయలేదు. 'గ్రీకు రాజు మైడాస్' అని పెద్దక్షరాల్లో వేశారు కదా, మా మనవరాలు బడి క్విజ్‌లో 'ఫ్రిజియా రాజు' అని రాస్తే టీచరమ్మ కొట్టేసి, మీ పేపరే చూపించిందట. పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది.

అయ్యా, కథ చెప్పింది గ్రీకులే గానీ రాజు వాళ్లవాడు కాదు. ఫ్రిజియన్లు ఇప్పటి టర్కీ నడిబొడ్డున ఏలినవాళ్లు. వాళ్ల రాజధాని గోర్డియన్, అంకారాకు నైరుతిన ఉంది. ఎవరూ విప్పలేకపోతే అలెగ్జాండర్ కత్తితో తెంచాడనే ముడి ఆ ఊరిదే. 2023లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే సమావేశంలో మన శాంతినికేతన్‌కూ చోటు దొరికింది, ఆ వార్త మీరూ వేశారు. పక్క పేరు చదవలేదు కాబోలు.

ఇక బంగారం సంగతి. 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి 53 మీటర్ల మట్టిదిబ్బలోకి తవ్వితే, లోపల చెక్కగదిలో అరవై ఏళ్ల పెద్దాయన అస్థిపంజరం. మైడాస్ తండ్రి కావచ్చంటారు. బంగారం వీసమెత్తు లేదు. అన్నీ కంచు పాత్రలు, బట్టలకు పెట్టుకునే కంచు పిన్నులు. గిన్నెల అడుగున ఎండిన మడ్డిని తర్వాత పరీక్షిస్తే, మాంసంలో పప్పు వేసి వండిన కూర అని తేలింది. పక్కన ద్రాక్షసారా, బార్లీ బీరు, తేనె కలిపిన పానీయం. సాగనంపిన రోజు భోజనాలన్నమాట. మీరు కాలేసింది ఈ పప్పులోనే.

ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పు పడినా మర్నాడే సవరణ వచ్చేది. ఇప్పుడు ప్రూఫులు చూసే మనిషి ఉన్నాడా? పారిస్ ఒలింపిక్స్ అప్పుడూ ఇంతే, ఆటల చిహ్నమైన మస్కట్ బొమ్మను 'ఎర్ర జంతువు' అన్నారు. అది ఫ్రిజియన్ టోపీ మహాశయా, ఫ్రెంచి విప్లవంలో స్వేచ్ఛకు గుర్తుగా నెత్తిన పెట్టుకున్నది! పిల్లలకు మార్కులు కావాలి, బడులకు ర్యాంకులు కావాలి, విద్యాధికారులకు లెక్కలు కావాలి. రాసింది నిజమా కాదా అన్నది ఎవరిక్కావాలి.

పోయిన మార్కు మీరెలాగూ ఇప్పించలేరు. సవరణైనా వేయండి, కత్తిరించి టీచరమ్మకు పంపుతాను. అదీ టెండరు ప్రకటనల కింద, భూతద్దం పెట్టి వెతుక్కునేలా కాకుండా.

- ఒక పాత చందాదారు, తెనాలి