నల్ల తామర పురుగు ప్రాజెక్టు గురించి నా బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ మొత్తం చదివిన. మిర్చి మీద నల్ల తామర పురుగును తీసుకున్నందుకు మస్తు సంతోషమైంది, 2021ల మన నర్సంపేట దిక్కు చేన్లల్ల పూతకు పూత ఎట్ల రాలిపోయిందో నువ్వూ చూసినవ్ కదా, తాత ఇప్పటికీ ఆ యేడు ముచ్చటే చెప్తడు. గని రివ్యూ భాగం, అంటే ఇంతకుముందు ఎవరెవరు ఏం పరిశోధన చేసిన్రో చెప్పేది, మాత్రం మళ్ల రాయాలె.

ఎందుకంటే నువ్వు నెట్‌ల ఉత్త 'చిల్లీ థ్రిప్స్' (మిర్చి తామర పురుగులు) అని కొట్టి వచ్చినయన్నీ పెట్టినవ్, అందుల పాత పరిశోధన పేపర్లు చాలా మట్టుకు సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్ అనే వేరే తామర పురుగు మీదియి. అది మన మిర్చికి ఎప్పటిసందో ఉన్న పురుగు, ఆకులకు పై ముడత తెచ్చేది. నీ ప్రాజెక్టుల ఉన్న నల్ల తామర పురుగు థ్రిప్స్ పార్విస్పైనస్, ఇది ఎక్కువ పూలల్లనే ఉంటది, మన దేశంల 2015ల బెంగళూరుల బొప్పాయి మీద ఉందని మొదటిసారి రిపోర్ట్ అయింది. మరి ఆ డోర్సాలిస్ లెక్కలు తెచ్చి దీనికి పెడితే ఎట్ల? సైంటిఫిక్ పేరు కొటేషన్లల్ల పెట్టి, పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌ల వెతుకు. ఒక్క మంచి పేపర్ దొరికితే చాలు, కింద 'సైటెడ్ బై' నొక్కితే దాని తర్వాత వచ్చినయి కనిపిస్తయి, చివర్ల రిఫరెన్సులు చూస్తే దానికంటే ముందటియి దొరుకుతయి. పబ్‌మెడ్ కూడా చూడు గని అది ఎక్కువ వైద్యం దిక్కుది. వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌లు కృషికోశ్ అనే వెబ్‌సైట్ల ఉంటయి, మన నేలల మీద చేసిన పని అందులనే ఎక్కువ.

పైసలు అడిగే పేపర్లకు భయపడకు. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద సర్కారు విద్యాసంస్థలకు వేల జర్నళ్లు అందుతున్నయి, మీది సర్కారు కాలేజే కదా, లైబ్రరీల అడుగు. అక్కడ లేకుంటే రాసిన సైంటిస్టుకే మర్యాదగా రెండు లైన్ల మెయిల్ పెట్టు, చాలామంది పీడీఎఫ్ పంపిస్తరు.

ఇంకోటి, ఇది గట్టిగనే చెప్తున్న. నీ లిస్టుల రెండు రిఫరెన్సులు నేను ఎంత వెతికినా దొరకలే. చాట్‌బాట్‌ను అడిగినవా బిడ్డా? అవి లేని పేపర్లను కూడా ఉన్నట్టే రాసిస్తయి, పేరు, జర్నల్, సంవత్సరం అన్నీ నిజమోలెనే ఉంటయి. ప్రతి దాని డీఓఐ నంబర్ (పేపర్‌కు ఇచ్చే గుర్తింపు నంబర్) నెట్‌ల కొట్టి చూడు, తెరుచుకున్న పేపర్ నువ్వు రాసినదేనా అని కూడా చూడు, నువ్వు కండ్లార చదవనిది లిస్టుల పెట్టకు.

చదివేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్, అంటే మొదట్ల ఉండే సారాంశం, కాడనే ఆగిపోకు. ఎట్ల చేసిన్రో చెప్పే మెథడ్స్ భాగం తియ్యి, ప్రయోగం ఎక్కడ చేసిన్రు, చేన్లనా వల కప్పిన నెట్‌హౌస్‌లనా, ఏ రకం మిర్చి, ఏ నెలల, పురుగులను ఆకు మీద లెక్కవెట్టిన్రా పూలల్లనా. ల్యాబ్‌ల చిన్న డబ్బాల మందు కొడితే చచ్చిన పురుగు చేన్ల కూడా అట్లనే చస్తదని రాస్తే, అది చదివి మన రైతు ఎవరన్న మందు కొంటే ఆ ఖర్చు ఎవరు భరిస్తరు? నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం. ఎవరు ఎక్కడ చేసిన్రో పక్కనే రాయి, రెండు పేపర్లు ఒకదానికొకటి పడకపోతే ఆ సంగతి దాచకుండ రాయి.

చదివినయన్నీ జొటెరోల పెట్టుకో, రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ అది, ఫ్రీనే. పూలు తెల్ల కాగితం మీద దులిపి పురుగులు లెక్కవెట్టుడు తాత చేన్ల నేను చేస్త, గని మొక్కకు ఎన్ని పూలు, పొద్దున ఎన్ని గంటలకు అన్నది నువ్వు ఏ పేపర్ పద్ధతి తీసుకుంటున్నవో చూసి ఆ పేజీ ఫొటో ఆదివారం లోపల పంపు.

అమ్మ